కార్బన్ సైకిల్ కొంటే ఎదురుగాలి తగ్గుతుందా?

విశాఖపట్నం నుంచి 43 ఏళ్ల పాఠకుడొకరు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. ముఖ్యమైన సంగతులు ఇవీ:

ఎంవీపీ కాలనీలో ఉంటారు, ప్రభుత్వ రంగ సంస్థలో ఉద్యోగం. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు. షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పాక రెండేళ్ల కిందట ఒక గేర్ల సైకిల్ కొన్నారు. ముందు చక్రానికి షాక్ అబ్జార్బర్లు, బుడిపెలున్న లావు టైర్లు, బరువు 15 కిలోల పైనే. వారంలో మూడు నాలుగు రోజులు పొద్దున్నే బీచ్ రోడ్డులో 15, 20 కిలోమీటర్లు తొక్కుతారు. మొన్న మార్చి నుంచి ఆదివారాలు ఒక గ్రూపుతో కలిసి భీమిలి వెళ్లి వస్తున్నారు, రానూపోనూ 50 కిలోమీటర్ల పైచిలుకు. వెళ్లేటప్పుడు అందరితో సమానంగానే వెళ్తున్నారట. తిరుగు దారిలో మంగమారిపేట వచ్చేసరికి ఒంటరిగా మిగిలిపోతున్నారట. "రుషికొండ దగ్గర వాళ్లు టీ తాగడం అయిపోయి గ్లాసులు పెట్టేశాక నేను చేరుతున్నాను సార్" అని రాశారు.

గ్రూపుకి పెద్ద దిక్కులాంటి ఆయన "కార్బన్ బండి లేకపోతే లాభం లేదు" అన్నాడు. అని ఊరుకోకుండా తన పాత కార్బన్ రోడ్ బైక్‌ని, అంటే కార్బన్ ఫైబర్ ఫ్రేము, వంపు హ్యాండిల్ ఉన్న సైకిల్‌ని, 95 వేలకు ఇస్తానన్నాడు. ఆరేళ్ల నాటిది, సైజు 56, రిమ్ బ్రేకులు, షిమానో 105 గేర్లు. ఆయన ఎత్తు ఇంచుమించు ఆరడుగులు. మరోపక్క షాపులో ఒక కొత్త అల్యూమినియం రోడ్ బైక్ చూశారు: 68 వేలు, సోరా గేర్లు, డిస్క్ బ్రేకులు. చీటీ పాడుకున్న డబ్బు 70 వేలు చేతిలో ఉంది. కార్బన్‌ది కొనాలంటే మిగతాది క్రెడిట్ కార్డు మీద గీకాలి. "ఇంకో పాతిక వేసుకుంటే స్కూటీ వస్తుంది" అని ఇంట్లో ఆవిడ అంటున్నారు. "సైకిల్ 40 వేలేనని చెప్పేస్తే గొడవ ఉండదు కదా?" అని ఈయన ఆలోచన. 30 కిలోమీటర్లు దాటాక నడుము నొప్పి, చిటికెన వేలూ ఉంగరపు వేలూ తిమ్మిరెక్కడం కూడా ఉన్నాయి. డిసెంబరులో 200 కిలోమీటర్ల బ్రెవే (గడువు లోపల పూర్తి చెయ్యాల్సిన దూరపు సవారీ) చెయ్యాలని, ఎప్పటికైనా అరకు ఘాట్ ఎక్కాలని కోరిక. "ఏది కొనాలో ఒక్క మాటలో చెప్పండి, తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది" అని ముగించారు.

సమాధానం

ఒక్క మాటలో చెప్పలేను, ఏమీ అనుకోకండి. మీరు ఒక సైకిల్ గురించి అడిగారు గానీ ఉత్తరంలో నాలుగైదు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి. వాటిలో కొన్ని కొత్త సైకిల్‌తో పోతాయి, కొన్ని ఎంత ఖరీదైనది కొన్నా పోవు. ముందు వాటిని విడదీద్దాం.

అసలు కిటుకు మీరు రాసిన మాటలోనే ఉంది. వెళ్లేటప్పుడు బాగానే వెళ్తున్నారు, వచ్చేటప్పుడే వెనకబడుతున్నారు. సైకిల్ బరువే కారణమైతే రెండు వైపులా వెనకబడాలి కదా! ఆ రోడ్డులో మిట్టపల్లాలు వెళ్లేటప్పుడూ ఉన్నాయి, వచ్చేటప్పుడూ ఉన్నాయి. అలసట కొంత ఉంటుంది, కాదనను. కానీ మ్యాప్ తీసి చూడండి. మీ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది, భీమిలి ఈశాన్యం వైపు ఉంది. ఎండలు ముదిరిన దగ్గర్నుంచి వానాకాలం వెళ్లేదాకా అక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచే కొడుతుంది. మీరు గ్రూపులో చేరింది మార్చిలో. అంటే ఇన్ని ఆదివారాలూ వెళ్లేటప్పుడు గాలి మిమ్మల్ని వెనక నుంచి తోసింది, వచ్చేటప్పుడు ఎదురొచ్చింది. పైగా పొద్దెక్కే కొద్దీ తీరంలో గాలి పెరుగుతుంది. తెల్లవారి ఐదున్నరకి బయల్దేరినప్పుడున్న గాలి ఎనిమిదింటికి తిరిగొచ్చేటప్పుడు ఉండదు.

ఎదురుగాలి ఎంత పని చేస్తుందో ఒక లెక్క చూడండి. మీరు గంటకు 22 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, ఎదురుగా 15 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తోందనుకుందాం. మీ ఒంటికి తగిలేది 37 కిలోమీటర్ల గాలి. గాలి వేగం రెట్టింపైతే అది వెనక్కి నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. ఆ లెక్కన గాలి లేని రోజు కంటే ఇప్పుడు మీ మీద పడే బలం దాదాపు 2.8 రెట్లు. ఇందులో సైకిల్ ఎన్ని కిలోలన్నది ఎక్కడా రాలేదు గమనించారా? గాలికి అడ్డం నిలబడేది ముఖ్యంగా మీ ఛాతీ, భుజాలు. మీ సైకిల్ మీద నిటారుగా కూర్చుని, చేతులు బారుగా చాపి తొక్కుతున్నారు. మిగతావాళ్లు వంపు హ్యాండిల్ పట్టుకుని ముందుకి వంగి ఉంటారు. తేడాలో పెద్ద భాగం అక్కడే ఉంది.

ఇంకోటి కూడా ఉంది. గ్రూపులో ముందువాళ్ల వెనక దగ్గరగా వెళ్తున్నంతసేపూ మీకు గాలి దెబ్బ తక్కువ, మూడో వంతు దాకా తగ్గొచ్చు. ఏదో ఒక మిట్ట దగ్గర నాలుగు సైకిళ్ల దూరం వెనకబడ్డారంటే ఆ చాటు పోయినట్టే. ఇక అక్కడి నుంచి వాళ్లు గాలిని పంచుకుని వెళ్తారు, మీరు మొత్తం ఒక్కరే మోస్తారు. దూరం పెరగడమే గానీ తరగదు. దీనికి పరిష్కారం సైకిల్ షాపులో లేదు, గ్రూపులో ఉంది. మిట్ట ఎక్కాక పైన అరనిమిషం నెమ్మదించమని అడగండి. మంచి గ్రూపులన్నీ చేసే పనే ఇది. అడిగితే చిన్నతనం అనుకోకండి. అంత కూడా ఆగని వాళ్లయితే, మీరు మూడు లక్షల సైకిల్ తెచ్చినా వాళ్ల తీరు మారదు.

బరువు సంగతి కూడా తేల్చేద్దాం. ఒకే ధరలో కాకపోయినా, మామూలు అల్యూమినియం రోడ్ బైక్‌కీ కార్బన్ దానికీ తేడా ఒకటిన్నర, రెండు కిలోలు ఉంటుంది. మీరూ, సైకిలూ, నీళ్ల సీసాలూ కలిపి 95 కిలోలనుకుంటే రెండు కిలోలంటే 2 శాతం. ఘాట్ రోడ్డులో గంటసేపు ఎక్కే చోట ఒక నిమిషం చిల్లర కలిసొస్తుంది. బీచ్ రోడ్డు చదునులో అది కూడా కనిపించదు. పందేలు కట్టేవాళ్లకి ఆ నిమిషం విలువైనదే. మీకు ఆ నిమిషం కోసం పాతిక వేల అప్పు అవసరమా అన్నది మీరే చెప్పాలి.

ఇప్పుడు ఆ 95 వేల సైకిల్ దగ్గరికి వద్దాం. దీని గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఎందుకంటే మీ మనసు అటే లాగుతోందని ఉత్తరం చదివితే తెలిసిపోతోంది.

కొనమని సలహా ఇచ్చేదీ, అమ్మేదీ ఒకరే. ఆయన మోసం చేస్తున్నాడని అనడం లేదు. తన సైకిల్ మీద ఆయనకి నిజంగానే ప్రేమ ఉండి ఉండొచ్చు. కానీ అది ఆయన ఒంటికి సరిపోయిన సైకిల్. ఆరడుగుల మనిషికి 56 సరైన సైజు. మీ ఎత్తుకి సాధారణంగా 52, మహా అయితే 54 సరిపోతుంది. "సీటు దించితే సరిపోతుంది" అంటారు, అందరూ అనే మాటే. సీటు దించితే కాలు అందుతుంది. హ్యాండిల్ మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. దాన్ని అందుకోవడానికి నడుము ఇంకా సాగాలి, బరువు చేతుల మీద ఇంకా పడాలి. ఇప్పటికే 30 కిలోమీటర్లకే మీకు నడుము పట్టేస్తోంది, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. హ్యాండిల్‌ని ఫ్రేముకి కలిపే స్టెమ్‌ని పొట్టిది వేయించి కొంత సర్దుకోవచ్చు. కానీ మరీ పొట్టిదైతే సైకిల్ తిరిగే తీరే మారిపోతుంది, దిగుడులో ముందు చక్రం ఇటూ అటూ తొందరపడుతుంది. అరకు ఘాట్ దిగేటప్పుడు ఎవరూ కోరుకోని సంగతి అది.

పైగా అది ఎలాంటి రోడ్ బైక్ అన్నది కూడా చూడాలి. రోడ్ బైకుల్లో స్థూలంగా రెండు రకాలు. రేసు రకంలో హ్యాండిల్ కిందికి, దూరంగా ఉంటుంది. ట్రెక్‌లో ఎమోండా, జెయింట్‌లో టీసీఆర్ ఇలాంటివి. దూరాలకి సుఖంగా ఉండే ఎండ్యూరెన్స్ రకంలో హ్యాండిల్ రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తుగా, కాస్త దగ్గరగా ఉంటుంది. ట్రెక్‌లో డొమానే, జెయింట్‌లో డిఫై, కంటెండ్ ఆ వరసవి. కాగితం మీద రెండు సెంటీమీటర్లంటే ఏమీ కాదనిపిస్తుంది. నాలుగో గంటలో మెడకి తెలుస్తుంది. ఆయన రేసు తరహాలో తొక్కే మనిషిలా ఉన్నాడు కాబట్టి సైకిల్ కూడా ఆ రకమే అయ్యే అవకాశం ఎక్కువ. మోడల్ పేరు కనుక్కుని కంపెనీ సైట్లో స్టాక్, రీచ్ అనే రెండు అంకెలు చూడండి. స్టాక్ అంటే హ్యాండిల్ పక్క ఫ్రేము ఎంత ఎత్తు, రీచ్ అంటే ఎంత దూరం. ఆ అంకెల్ని షాపులో చూసిన సైకిల్ అంకెల పక్కన పెట్టి చూస్తే మీకే అర్థమవుతుంది.

అయినా సరే తీసుకోవాలనే ఉంటే, డబ్బిచ్చే ముందు ఇవి చూడండి. కార్బన్‌కి దెబ్బ తగిలితే అల్యూమినియంలా సొట్ట పడదు. పైన రంగు బాగానే ఉండి లోపల పొర విడిపోయి ఉండొచ్చు. హ్యాండిల్ కింది మెడ భాగం, పెడళ్ల దగ్గరి ఇరుసు చుట్టూ, వెనక చక్రం వైపు వెళ్లే గొట్టాలు, వీటిని పగటి వెలుగులో తుడిచి చూడండి. రూపాయి నాణెంతో మెల్లగా తడుతూ వెళ్తే టకటకమనే శబ్దం ఒక్కచోట మొద్దుగా, చచ్చుగా వస్తే అనుమానించాలి. సీటు గొట్టాన్ని వదులు చేసి బయటికి లాగించండి. సముద్రం ఒడ్డు ఊళ్లో ఉప్పుగాలికి అల్యూమినియం సీటు గొట్టం కార్బన్ ఫ్రేములో పట్టేసుకుపోవడం మామూలే. అది రాకపోతే మీ ఎత్తుకి సీటు దించడం కూడా కుదరదు. రిమ్ బ్రేకుల సైకిల్ కాబట్టి చక్రం అంచు మీద వేలు పెట్టి చూడండి, బ్రేకు పట్టే చోట లోపలికి గుంటపడి ఉంటే ఆ చక్రాల ఆయుష్షు అయిపోవచ్చినట్టే. ఆరేళ్ల చైను, క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల సెట్టు), టైర్లు మార్చాల్సి వస్తే ఇంకో పది పన్నెండు వేలు సులువుగా దాటుతుంది. కార్బన్ ఫ్రేములకి వారంటీ సాధారణంగా మొదటి యజమానికే ఉంటుందని కూడా గుర్తుపెట్టుకోండి.

ఇవన్నీ బాగుండి, సైజు కూడా 52 అయి ఉంటే నేనే తీసుకోమనేవాణ్ణి. సెకండ్ హ్యాండ్ చెడ్డదని నా ఉద్దేశం కాదు. 70 వేల లోపు మీ సైజులో, రెండు మూడేళ్లు వాడిన ఎండ్యూరెన్స్ రోడ్ బైక్ దొరికితే కొత్తదాని కంటే మంచి బేరం. కొనేసి ఆర్నెల్లు తొక్కి బాల్కనీలో పెట్టేసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. హైదరాబాద్, బెంగళూరు గ్రూపుల్లో కూడా అడిగి చూడండి. ఓపిక ఉంటే ఇది మీకు మూడో దారి. చిక్కల్లా మీ సైజు, మీ ధర, మీ ఊరు మూడూ కలిసే రోజు కోసం ఎదురుచూడటమే. డిసెంబరు లోపు కావాలంటే ఆ రోజు రాకపోవచ్చు.

షాపులో చూసిన 68 వేల అల్యూమినియం సైకిల్ గురించి మీరు రెండు ముక్కలే రాశారు. మనసు పడలేదని అర్థమైంది. కానీ మీ అవసరాలకి అది దగ్గరగా ఉంది. సోరా అంటే వెనక పళ్ల చక్రాలు తొమ్మిది ఉంటాయి. షిమానో రోడ్ గేర్లలో కింది నుంచి క్లారిస్, సోరా, టియాగ్రా, 105 అనే వరస. పైకి వెళ్లేకొద్దీ వెనక పళ్ల చక్రాలు పెరుగుతాయి, గేరు మారడం ఇంకా నున్నగా ఉంటుంది, బరువు కొంచెం తగ్గుతుంది. సరిగ్గా ట్యూన్ చేసిన సోరా మీద ఆదివారం సవారీలూ, 200 కిలోమీటర్లూ ఏ లోటూ లేకుండా సాగుతాయి. సరిగ్గా ట్యూన్ చెయ్యని 105 మాత్రం దారి పొడవునా కరకరలాడుతుంది.

పేరు కంటే పళ్ల లెక్క ముఖ్యం, ముఖ్యంగా అరకు అన్నారు కాబట్టి. ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది, అరకు లోయ సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన, దారిలో గాలికొండ దగ్గర అంతకంటే ఎత్తు ఎక్కి దిగాలి. 82 కిలోల మనిషి గంటల తరబడి ఎక్కాలంటే పెడల్ దగ్గర చిన్న చక్రం 34 పళ్లు, వెనక పెద్ద చక్రం 32 లేక 34 పళ్లు ఉండాలి. అప్పుడు గంటకి 9 కిలోమీటర్ల లోపు వేగంలో కూడా కాళ్లు సాఫీగా తిరుగుతాయి, మోకాళ్లు బతుకుతాయి. షాపువాణ్ణి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. పాత రేసు బైకుల్లో చాలావాటికి ముందు 36 లేదా 39, వెనక 28 దాకానే ఉండేవి. మీ గ్రూపు ఆయన సైకిల్‌కి వెనక పెద్ద క్యాసెట్ వేయించుకుందామన్నా, పొట్టి డీరేలర్ (చైనుని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగం) ఉంటే అది 28 లేదా 30 పళ్లు మించి తీసుకోకపోవచ్చు.

రెండో ప్రశ్న టైర్లది. 28 మిల్లీమీటర్ల టైరు పడుతుందా, 32 కూడా పడుతుందా? ఇదివరకు సన్నటి టైరు, రాయిలా గాలి కొడితేనే వేగం అనుకునేవాళ్లు. గతుకుల రోడ్డు మీద అది తప్పని ఇప్పుడు పందేలవాళ్లు కూడా ఒప్పుకుని 28కి వచ్చేశారు. బీచ్ రోడ్డు నున్నగానే ఉంటుంది సరే, పెందుర్తి, కొత్తవలస మీదుగా వెళ్లినప్పుడు ప్యాచీలూ గుంతలూ మీకు తెలియనివి కావు. మీ బరువుకి 28 టైర్లలో 75, 80 పీఎస్‌ఐ, 32 అయితే 60 దరిదాపుల్లో గాలి ఉంటే ఒళ్లు హూనం కాదు, పంక్చర్లూ తగ్గుతాయి. పాత రిమ్ బ్రేకుల ఫ్రేముల్లో చాలావాటికి 25 దాటితే టైరు బ్రేకుకి రాసుకుంటుంది.

డిస్క్ బ్రేకుల్లో ఈ ధరకి తీగతో పనిచేసేవే వస్తాయి, ఆయిల్‌వి రావు. పర్లేదు. వానలో, ఘాట్ దిగుడులో రిమ్ బ్రేకుల కంటే నమ్మకంగా పట్టుకుంటాయి. తీగలకి ఉప్పుగాలి పడదు కాబట్టి ఏడాదికోసారి మార్పించాలి.

ఈ సైకిల్ కొంటే మీకు కలిగే అసంతృప్తి ఏమిటో కూడా ముందే చెబుతాను. రెండేళ్లకి కాళ్లు ముదిరాక, వెనక ఇంకో రెండు పళ్ల చక్రాలుంటే బాగుండుననిపిస్తుంది. గ్రూపులో ఎవరో ఒకరు "ఇంకొంచెం పెట్టి కార్బన్ తీసుకోవాల్సింది" అంటూనే ఉంటారు. అమ్మితే సగం ధర రావడం కష్టం. ఇవి భరించగలనంటే, నడుముకీ రోడ్డుకీ జేబుకీ కుదిరే దారి ఇది.

నాలుగో దారి కూడా మీరు రాయలేదు, నేను కలుపుతున్నాను. ఇప్పుడేమీ కొనకుండా ఉన్న సైకిల్‌కి బుడిపెల్లేని నున్నటి సన్న టైర్లు వేయించండి, జతకి మూడు వేలు, కాస్త అటూ ఇటూ అవుతుంది. షాకులకి లాక్ ఉంటే బిగించేయండి. హ్యాండిల్ కొంచెం దించండి. మొదటి ఆదివారమే తేడా తెలుస్తుంది, ఎందుకంటే ఆ బుడిపెలు తారు రోడ్డు మీద మీ బలాన్ని అక్కడికక్కడే తినేస్తున్నాయి. నవంబరు దాకా అలా తొక్కండి. అప్పటికి గాలి కూడా ఈశాన్యానికి మళ్లుతుంది, వెళ్లేటప్పుడు ఎదురొచ్చి, వచ్చేటప్పుడు తోస్తుంది. గ్రూపుతో మీ సంగతి ఏమిటో అప్పుడు నిజంగా తెలుస్తుంది. ఇబ్బందల్లా చేతులకి ఒకే పట్టు ఉండటం. తిమ్మిరి పూర్తిగా పోకపోవచ్చు. కొత్తది కొన్నా ఈ టైర్ల ఖర్చు వృథా పోదు, వానాకాలంలో, కూరగాయలకి వెళ్లడానికి పాత సైకిల్ ఇంట్లో ఉండటమే మేలు. అమ్మితే దానికి వచ్చేదెంత గనక!

బ్రెవే గురించి మీకు అనవసరపు భయం పట్టుకుంది. 200 కిలోమీటర్లకి ఇచ్చే సమయం 13 గంటల 30 నిమిషాలు. తినడం, ఆగడం, పంక్చర్ వేసుకోవడం అన్నీ కలిపి గంటకి సగటున 15 కిలోమీటర్ల లోపే. అది పందెం కాదు, ముందొచ్చినవారికీ చివర వచ్చినవారికీ ఒకటే గుర్తింపు. తిన్నటి హ్యాండిల్ ఉండే హైబ్రిడ్ సైకిళ్ల మీద, లావు టైర్ల సైకిళ్ల మీద పూర్తి చేసేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. అక్కడ మిమ్మల్ని ఆపేది వేగం కాదు, తొమ్మిదో గంటలో నడుము, అరచేతులు, కూర్చునే చోటు. అందుకే సైకిల్ ఎంపికలో మీ శరీరానికి పెద్దపీట వెయ్యమంటున్నాను.

ఆ నొప్పుల మాట. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కడం అరచేతి అంచున వెళ్లే నరం నొక్కుకోవడం వల్ల వస్తుంది. వంపు హ్యాండిల్‌లో చేతులు మార్చి పట్టుకోవడానికి మూడు చోట్లు ఉంటాయి, పావుగంటకోసారి మారిస్తే చాలామందికి తగ్గుతుంది. సీటు ముందుకి వాలి ఉన్నా ఒళ్లంతా చేతుల మీదికి జారుతుంది, మీ సైకిల్‌కి అలా ఉందేమో ఇవాళే చూసుకోండి. సీటు ఎత్తుకి చిన్న పరీక్ష: గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, మడమ పెడల్ మీద పెట్టి కిందికి తిప్పండి. కాలు నిటారుగా రావాలి, తుంటి ఒక పక్కకి ఒరగకూడదు. దిగాక కూడా నడుము నొప్పి ఉంటున్నా, పొద్దున్న లేచేసరికి వేళ్లు మొద్దుబారి ఉన్నా సైకిల్ కొనే ముందు డాక్టర్‌కి చూపించుకోండి. అది సైకిల్ సమస్య కాకపోవచ్చు.

ఇక డబ్బు. 70 వేలున్నాయంటే సైకిల్ బడ్జెట్ 70 వేలు కాదు, 60. మిగతా పదివేలూ హెల్మెట్‌కి, ముందూ వెనకా లైట్లకి, పంపుకి, రెండు స్పేర్ ట్యూబులకి, మెత్త ఉన్న నిక్కరుకి, సీసాల స్టాండ్లకి పోతాయి. రోడ్ బైకులు కొన్ని పెడళ్లు లేకుండానే వస్తాయి, చూసుకోండి. అందుకని 68 వేలదాన్ని బేరమాడండి, లేదా క్లారిస్ గేర్లతో అదే ఫ్రేము ఉంటే దాని ధర అడగండి. ఒక మెట్టు దిగినా మీ సైజు ఫ్రేము, మంచి టైర్లు ఉంటే నష్టపోరు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. షాపువాడు పాత ధర చీటీ చూపిస్తే ఆ మాట ఎత్తండి.

ఇంట్లో 40 వేలని చెప్పడం మీ ఇష్టం, కానీ ఎలా బయటపడుతుందో చెబుతాను. వారంటీకి బిల్లు దాచాలి, అది ఇంట్లోనే ఉంటుంది. క్రెడిట్ కార్డు కిస్తీ మెసేజ్ నెలనెలా వస్తుంది. మీ గ్రూపువాళ్లు ఇంటికొచ్చి ధర మాట్లాడకుండా ఉండరు. పైగా చీటీ ఎంతకి పాడారో ఆవిడకి తెలిసే ఉంటుంది కదా? అదీగాక, ఆవిడ స్కూటీ మాటని వెటకారంగా ఎందుకు తీసుకున్నారు? ఆవిడకి నిజంగానే స్కూటీ అవసరమేమో. ఆదివారం పదింటి దాకా మీరు ఇంట్లో ఉండరు, మిగతా రోజుల్లో ఆఫీసు. బజారు పనులకి ఆవిడ ఎలా వెళ్తున్నారో ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. డబ్బు లెక్క అంతా ముందు పెట్టి, షుగర్ రిపోర్టులు రెండేళ్లలో ఎలా మారాయో కూడా చూపించి మాట్లాడితే ఒక ఆదివారం పాడవ్వచ్చు. దాచి కొంటే అన్ని ఆదివారాలూ పాడవుతాయి. మాట్లాడాక ఇద్దరూ కలిసి ఈ ఏడాది స్కూటీ, వచ్చే చీటీకి సైకిల్ అని తేల్చుకున్నా మీ బ్రెవే ఆగిపోదు. మూడు వేల టైర్ల దారి ఉండనే ఉంది.

షాపుకి వెళ్లినప్పుడు ఐదు నిమిషాలు చుట్టూ తిప్పి ఇచ్చేయకండి. కనీసం అరగంట తొక్కనివ్వమనండి, 52, 54 రెండు సైజులూ ఒకే రోజు చూడండి. బ్రేకు మీటల పైభాగం పట్టుకున్నప్పుడు మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి. బిగుసుకుపోయి ఉంటే మీకది పొడవు. సైకిల్‌కి ఇరుపక్కలా కాళ్లు పెట్టి నిలబడినప్పుడు పై గొట్టానికీ మీకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి.

పంపు కొనేటప్పుడు ఒక్కటి మర్చిపోకండి. రోడ్ బైక్ ట్యూబుల మూతి చాలావరకు సన్నగా, కొసన చిన్న మర ఉన్న ప్రెస్టా రకం. రోడ్డు పక్క పంక్చర్ షాపులో గాలి కొట్టే గొట్టం దానికి పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టర్ జేబులో లేకపోతే భీమిలి నుంచి ఆటోలో రావాలి. అడాప్టర్ రెండు కొని ఒకటి సీటు సంచిలో వేసేయండి. పంక్చర్ వేసుకోవడం షాపువాణ్ణే దగ్గరుండి నేర్పించమనండి. కొన్న నెలకి తీగలు కాస్త సాగి గేర్లు దాటవేయడం మొదలుపెడతాయి. అది సైకిల్ లోపం కాదు, మొదటి ఉచిత సర్వీసు ఉన్నది అందుకే. బీచ్ రోడ్డు మీద తొక్కిన రోజు మంచినీళ్లతో తడి గుడ్డ పెట్టి తుడిచి, చైను ఆరాక రెండు చుక్కల నూనె వెయ్యండి, కొబ్బరి నూనె మాత్రం వద్దు.